తూకం నమ్మి పొదిగించిన పాము గుడ్లు

మా కార్న్ స్నేక్ (ఇళ్ళలో పెంచుకునే విషం లేని పాము) గుడ్లతో ఉందని ముందే తెలుసు. అది కుబుసం విడవగానే అసలు తయారీ మొదలుపెట్టాను. గుడ్లు పెట్టే ముందు ఆడపాము ఒకసారి కుబుసం విడుస్తుంది. అక్కణ్ణుంచి వారం, రెండు వారాల్లో గుడ్లు పెడుతుంది. ఆ వ్యవధి చాలా విలువైనది. గుడ్లు చేతికొచ్చాక ప్రయోగాలు చేయలేం కాబట్టి, వాటిని దేంట్లో ఉంచాలి, అందులో నీళ్ళు ఎంత కలపాలి అన్న రెండు విషయాలూ ఈలోపే తేల్చుకోవాలి.

వేడి సంగతి తేలిగ్గానే తేలింది. గుడ్లు పొదిగే వెచ్చటి పెట్టెకు, అంటే ఇంక్యుబేటర్‌కు, వేడిని ఒకే తీరున ఉంచే నమ్మకమైన థర్మోస్టాట్ పెట్టి, వేడిని కొలిచే దాని ప్రోబ్‌ను గుడ్ల డబ్బా ఉండే ఎత్తులోనే అమర్చి, 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాను. కార్న్ స్నేక్ గుడ్లకు 26 నుంచి 29 డిగ్రీల వరకు సరిపోతుంది. ఆ వేడిలో సుమారు రెండు నెలలకు పిల్లలు వస్తాయి. ఖాళీగా ఉన్న చోటల్లా నీళ్ళ సీసాలు పెట్టాను, తలుపు తీసినప్పుడు వేడి ఒక్కసారిగా పడిపోకుండా. అంతకు మించి దాని గురించి ఆలోచించే పని పడలేదు. నా ఆలోచనంతా తేమ చుట్టూనే తిరిగింది.

కోడిగుడ్డు అలవాటుతో పాముగుడ్డును చూస్తే మొదట్లోనే దారి తప్పుతాం. కోడిగుడ్డు పెంకు గట్టిది. పొదిగే రోజుల్లో అది లోపలి నీళ్ళను కొద్దికొద్దిగా పోగొట్టుకుంటుంది, బరువు తగ్గుతుంది. పాముగుడ్డు పెంకు మెత్తగా, తోలులా ఉంటుంది. అది చుట్టూ ఉన్న చెమ్మను లోపలికి లాగుకుంటుంది, ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది. పిండం ఎదగడానికి ఆ నీళ్ళు కావాలి. అవి చాలకపోతే పిల్ల చిన్నదిగా, పచ్చసొన పూర్తిగా వాడుకోకుండా బయటికి వస్తుంది. మరీ చాలకపోతే లోపలే చనిపోతుంది. ఎక్కువైతే అది వేరే ప్రమాదం. పెంకు మీద నీటి పొర కప్పేస్తే గాలి లోపలికి వెళ్ళదు. లోపల ఊపిరాడక పిండం పోతుంది. అందుకే గుడ్ల కింద ఏం వేస్తున్నాం అన్నది అంత ముఖ్యం. ఆ రెండు నెలలూ గుడ్డు తాగే నీళ్ళు చాలావరకు అందులోంచే రావాలి.

అడవిలో ఈ పని తల్లులు రకరకాలుగా చేస్తాయి. రాచనాగు ఎండుటాకులు పోగేసి గూడు కడుతుంది. బాల్ పైథాన్ గుడ్ల చుట్టూ చుట్టుకుని వాటి తేమ పోకుండా కాపాడుతుంది. కార్న్ స్నేక్ మాత్రం కుళ్ళిన మొద్దులోనో, మెత్తటి ఆకుల చెత్తలోనో పెట్టేసి వెళ్ళిపోతుంది. అంటే గుడ్ల కోసం అది తీసుకునే జాగ్రత్తంతా సరైన చోటు ఎంచుకోవడంలోనే ఉంది. ఇక్కడ ఆ చోటు ఎంచాల్సిన బాధ్యత నాది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోదల్చుకోలేదు.

ముందు గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ సంగతి చెప్పాలి. పాము గుడ్ల గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పేది "తేమ 90 శాతం పైన ఉంచండి" అనే. నేనూ డిజిటల్ మీటరు ఒకటి తీసుకున్నాను. దాన్ని నమ్మే ముందు ఉప్పుతో పరీక్షించాను. సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దలా అయ్యేంత నీళ్ళు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు పైన ఉండే గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 75 కంటే ఎంత ఎక్కువో తక్కువో చూపిస్తే అంత తేడా ఉన్నట్టు. నా మీటరు 4 శాతం తక్కువ చూపింది. అది పెద్ద తేడా కాదనిపించవచ్చు. కానీ గుడ్ల డబ్బా లోపల అదే అసలు చిక్కు.

తడి ఉన్న ఏ వస్తువునైనా మూసిన డబ్బాలో పెడితే లోపలి గాలిలో దాదాపు నిండుగా ఆవిరి చేరుతుంది. మొక్కలు వాడిపోయి, మళ్ళీ తేరుకోలేనంతగా ఎండిన మట్టి ఉంటుంది కదా, దాని సందుల్లోని గాలిలో కూడా తేమ దాదాపు 99 శాతం ఉంటుంది. గుడ్లకు సరిగ్గా సరిపోయేంత తడి ఉన్న వర్మిక్యులైట్ (గుడ్ల కింద పరిచే, వేడికి పొంగిన ఖనిజం) పైన అది 99.9 శాతం. ఒకటి గుడ్డును ఎండగడుతుంది, ఇంకొకటి పెంచుతుంది. మధ్యలో ఉన్న తేడా ఒక్క శాతం. నాలుగైదు శాతం అటూ ఇటూ చూపే మీటరు ఆ తేడాను ఎప్పటికీ పట్టుకోలేదు. చిత్తడిగా ఉన్న డబ్బాలోనూ, సరిగ్గా ఉన్న డబ్బాలోనూ, ఎండుముఖం పడుతున్న డబ్బాలోనూ అది 99 అనే చూపిస్తుంది. ఈ విషయం తలకెక్కిన రోజున మీటరును పక్కన పెట్టి వంటింటి డిజిటల్ తూకం తెచ్చుకున్నాను. గాలిలో ఎంత తేమ ఉందన్నది వదిలేసి, సబ్‌స్ట్రేట్‌లో, అంటే గుడ్ల కింద వేసే పదార్థంలో, ఎన్ని గ్రాముల నీళ్ళున్నాయి, అవి ఎంత వేగంగా పోతున్నాయి అన్నదే చూడాలనుకున్నాను.

ఇక దేంట్లో పెట్టాలి? ఒకే సైజు డబ్బాలు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్కో రకం వేసి, గుడ్లు లేకుండానే ఇంక్యుబేటర్‌లో ఉంచి రోజూ తూచాను.

కోకోపీట్‌ను, అంటే ఇటుకల్లా అదిమి అమ్మే కొబ్బరి పీచు పొట్టును, త్వరగానే వదిలేశాను. మొక్కలకు అది మంచిదే. కానీ ఒక్కో ఇటుకలో ఒక్కోలా తడి, ఒక్కోలా ఉప్పు ఉంటుంది. పొడిగా కనిపిస్తూనే బోలెడు నీళ్ళు దాచుకుంటుంది. పీచు గుడ్డుకు అంటుకుంటుంది. బూజుకూ చిన్న చిన్న ఈగలకూ అది మేత. స్ఫాగ్నం నాచు తల్లి గుడ్లు పెట్టే డబ్బాకు చాలా బాగుంటుంది. మెత్తగా ఉంటుంది, కాస్త ఆమ్లగుణం ఉండటం వల్ల బూజు తొందరగా పట్టదు. కానీ దాన్ని ఎంత గట్టిగా అదిమితే అంత తడిగా మారుతుంది. వేలితో నొక్కిన చోట ఒకలా, వదిలేసిన చోట ఒకలా ఉండే దాంట్లో లెక్క ఎలా పెట్టను?

పెర్లైట్ నాకు బాగానే నచ్చింది. అగ్నిపర్వత గాజును వేడిచేసి పొంగించిన తెల్లటి గింజలవి. కుళ్ళవు, మధ్యలో గాలి బాగా ఆడుతుంది. కానీ నీళ్ళను అవి ఎక్కువగా గింజ పైపైనే పట్టుకుంటాయి, అందుకే త్వరగా వదిలేస్తాయి. నా డబ్బాల్లో వేగంగా బరువు తగ్గింది అదే. అడుగున తడి, పైన పొడి అన్న తేడా కూడా అందులోనే ఎక్కువ కనిపించింది. వర్మిక్యులైట్ వేరు. అదీ వేడికి పొంగిన ఖనిజమే, కానీ పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల మధ్య నీళ్ళను పట్టి ఉంచుకుని నెమ్మదిగా వదులుతుంది. రోజువారీ తూకాల్లో అన్నిటికంటే నిలకడగా ఉన్నది అదే. సన్న రకం తడిస్తే బురదలా అయి గుడ్డును కప్పేస్తుంది కాబట్టి ముతక రకం తీసుకున్నాను. ఎరువు కలిపి అమ్మేది అసలు వాడకూడదు. పొడి చల్లేటప్పుడు ముక్కుకు మాస్క్ తప్పనిసరి; పెర్లైట్ దుమ్ముకూ ఇదే మాట.

సబ్‌స్ట్రేట్ లేకుండా, అడుగున నీళ్ళు పోసి, పైన ప్లాస్టిక్ జాలీ మీద గుడ్లు పెట్టే పద్ధతి కూడా ఉంది. బాల్ పైథాన్ పెంచేవాళ్ళు చాలామంది ఇలాగే చేస్తారు, చక్కగా పిల్లలు వస్తున్నాయి. గుడ్డుకు నీళ్ళు తగలవు, చుట్టూ గాలి ఆడుతుంది. నేను వెనకాడింది ఒకే కారణంతో. అక్కడ గుడ్డుకు అందేది ఆవిరి మాత్రమే. 28 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ మారితే గాలి పట్టగలిగే ఆవిరి సుమారు 6 శాతం మారుతుంది. కింద ఉన్న నీళ్ళకంటే గుడ్డు అర డిగ్రీ వెచ్చగా ఉన్నా గుడ్డు నుంచే తేమ బయటికి పోవడం మొదలవుతుంది. చల్లగా ఉంటే దాని మీదే చెమట పడుతుంది. అంత కచ్చితమైన వేడి నా ఇంక్యుబేటర్ అన్ని మూలల్లోనూ ఇస్తుందని నాకు నమ్మకం లేదు. వర్మిక్యులైట్‌లో సగం కూరుకున్న గుడ్డు తనకు ఆనిన చోటు నుంచి నేరుగా నీళ్ళు తాగుతుంది. చిన్నచిన్న ఎగుడుదిగుళ్ళను అది తట్టుకుంటుంది.

కలపడం దగ్గర అందరూ చెప్పే పాళ్ళు "ఒకటికి ఒకటి." అది బరువు లెక్క అని చాలామంది చెప్పరు. ఒక లీటరు వర్మిక్యులైట్ సుమారు 100 గ్రాములే తూగుతుంది. కప్పుకు కప్పు కొలిచి నీళ్ళు పోస్తే కావలసినదానికి పది రెట్లు పడతాయి. గుడ్లన్నీ మురిగిపోవడానికి అంత చాలు. బరువుకు బరువు సమానంగానో, వర్మిక్యులైట్ బరువులో 80 శాతం దాకా తగ్గించో పోయడం మామూలు పద్ధతి. నేను రెండింటికీ మధ్యలో, 300 గ్రాములకు 270 గ్రాముల నీళ్ళు తీసుకున్నాను. కాచి చల్లార్చిన నీళ్ళు. సంచిలోని వర్మిక్యులైట్ అప్పటికే గాలిలోని చెమ్మ పీల్చుకుని ఉంటుంది కాబట్టి, ముందు దాన్ని ట్రేలో పరిచి, 100 డిగ్రీలు దాటిన ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టాను. నీళ్ళు కొద్దికొద్దిగా చల్లుతూ చేత్తో కలిపి, మూతపెట్టి ఒక రోజు ఉంచాను, తడి అంతటా సమంగా పాకేలా. పిడికిట్లో గట్టిగా పిసికితే ఉండ కట్టింది, చుక్క కారలేదు. చేతి పరీక్షతో మాత్రమే చాలామంది నడిపిస్తారు, అనుభవం ఉన్నవాళ్ళకు అది చాలు. నాకు మాత్రం తూకం చూపిన అంకె పక్కన ఉంటేనే ధైర్యం.

300 గ్రాములు ఎందుకంటే, గుడ్లు తాగే నీళ్ళ వల్ల సబ్‌స్ట్రేట్ మరీ ఎండిపోకూడదు. గుడ్లన్నీ కలిపి 150 గ్రాములు ఉన్నాయనుకుందాం, అవి పొదిగే కాలంలో 40 గ్రాముల నీళ్ళు తాగాయనుకుందాం. 270 గ్రాముల నిల్వలో అది పెద్ద లోటు కాదు. అదే చిన్న డబ్బాలో 80 గ్రాముల నీళ్ళే ఉంటే సగం ఖాళీ అయిపోతుంది. గుడ్లకు సరిపడేంత డబ్బా ఉంటే చాలనుకుంటారు కానీ, దాంట్లో నీటి నిల్వకు సరిపడేంత లోతు కూడా కావాలి.

తల్లి నాచు డబ్బాలో ఒక రాత్రి గుడ్లు పెట్టేసింది. చాలావరకు ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయి, ఒకటి మాత్రం విడిగా పడింది. అతుక్కున్నవాటిని విడదీయబోతే పెంకు చిరుగుతుంది, కాబట్టి ముద్దను ముద్దగానే తీశాను. తీసే ముందే ప్రతి గుడ్డు పై వైపున మెత్తటి పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాను. గుడ్డు పెట్టిన మొదటి రోజు తర్వాత పిండం పై వైపున పెంకుకు అంటుకుని నిలుస్తుంది. ఆపైన గుడ్డును తిప్పితే అది ఊడి చనిపోయే ప్రమాదం ఉంది. చీకట్లో చిన్న టార్చ్ ఆనించి చూస్తే మంచి గుడ్లలో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి. పసుపు రంగులో, చిన్నగా, గట్టిగా ఉన్న రెండు వట్టి గుడ్లు ముద్ద అంచున ఉన్నాయి. అవీ అతుక్కునే ఉన్నాయి కాబట్టి అక్కడే వదిలేశాను. వర్మిక్యులైట్‌లో వేలితో గుంట చేసి, ముద్దను సగం కూరుకునేలా పెట్టి, విడిగా ఉన్న గుడ్డును పక్కన సర్ది, మూత పెట్టి మొత్తం డబ్బాను తూచి ఆ బరువు మూత మీదే రాసుకున్నాను.

అక్కణ్ణుంచి వారానికోసారి తూకం. డబ్బా మొత్తం బరువు ఎంత తగ్గితే అన్ని గ్రాముల ఆవిరి బయటికి పోయినట్టు. తగ్గినంత నీళ్ళను, ఇంక్యుబేటర్‌లోనే ఉంచి వెచ్చబెట్టినవి, సిరంజితో డబ్బా అంచుల వెంట పోశాను. ఒక మిల్లీలీటరు ఒక గ్రాము, లెక్క సులువు. గుడ్ల మీద మాత్రం ఒక్క చుక్క పడనివ్వలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సబ్‌స్ట్రేట్ నుంచి గుడ్డులోకి వెళ్ళిన నీళ్ళు మొత్తం బరువులో కనిపించవు, ఎందుకంటే అవి డబ్బాలోనే ఉన్నాయి. ఆ కదలిక చూడటానికి విడిగా పడ్డ ఆ గుడ్డు నాకు ఎంతో సాయపడింది. దాన్ని గుర్తు పై వైపే ఉండేలా మెల్లగా ఎత్తి తూచి, మళ్ళీ అదే గుంటలో పెట్టేవాణ్ణి. దాని బరువు మెల్లగా, ఆగకుండా పెరుగుతూ పోయింది. అంతా సరిగ్గా జరుగుతోందని నాకు చెప్పింది అదే. బరువు ఆగిపోయి సొట్ట పడితే నీళ్ళు చాలనట్టు. మరీ బిగిసి, నిగనిగలాడుతూ, పెంకు మీద చెమ్మ చుక్కలు తేలితే ఎక్కువైనట్టు.

మూతకు నీటి చుక్కలు పట్టడం అందరికీ టెన్షన్ పెట్టే విషయం. చుక్కలు కనిపిస్తే చాలామంది నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని మూత తెరిచి ఆరబెడతారు. చుక్కలకు కారణం ఎక్కువసార్లు నీళ్ళు కాదు, మూత చల్లగా ఉండటం. కింద సబ్‌స్ట్రేట్ వెచ్చగా, పైన మూత ఒకటి రెండు డిగ్రీలు చల్లగా ఉంటే లోపలి ఆవిరి అక్కడ చుక్కలుగా మారుతుంది. అలా వారాల తరబడి జరిగితే సబ్‌స్ట్రేట్ నీళ్ళు మూతకు చేరి, మళ్ళీ ఎక్కడబడితే అక్కడ పడతాయి: అడుగు ఎండుతుంది, గుడ్లు తడుస్తాయి. నేను చేసినవి మూడే పనులు. డబ్బాను వేడి పలక మీద ఆనించకుండా జాలీ మీద ఎత్తులో పెట్టాను, ఇంక్యుబేటర్ లోపల గాలి తిరిగేలా చిన్న ఫ్యాన్ అమర్చాను. డబ్బా కింద చిన్న చెక్క పెట్టి కాస్త వాలుగా ఉంచాను, ఒకవేళ చుక్క పట్టినా గుడ్ల మీద కాకుండా అంచున జారేలా. తర్వాత మూత లోపల పలచటి ఆవిరి పొర తప్ప చుక్కలు పెద్దగా కట్టలేదు.

వట్టి గుడ్ల మీద బూజు వచ్చింది. రాకపోతే ఆశ్చర్యం. పక్కనే ఉన్న మంచి గుడ్డు బూజుకు లొంగడం అరుదు. బతికున్న గుడ్డు పెంకు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది. తడి పెరిగితే మాత్రం బూజు దారాలు మంచి గుడ్లను కప్పేసి గాలి అందనివ్వవు. పొడి దూదిపుల్లతో బూజును తుడిచి, ఆ వైపు నీళ్ళు పోయడం మానేసి, రెండో వైపు అంచునుంచే నింపాను. అక్కడితో అది ఆగింది.

చివరి వారాల్లో పద్ధతి మారింది. లోపలి పిల్లలు పెద్దవయ్యేకొద్దీ వాటికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. మొదట్లో వారానికోసారి తూకం కోసం మూత తీస్తే అదే సరిపోయేది. తర్వాత రెండు మూడు రోజులకోసారి మూత తీసి, ఒక పేపరుతో మెల్లగా విసిరి మళ్ళీ మూసేవాణ్ణి. అలా చేస్తే ఆవిరి ఎక్కువ పోతుంది, తూకంలో అది వెంటనే తెలుస్తుంది కూడా. అయినా పోయినదంతా తిరిగి పోయలేదు, సగమే పోశాను. ఈ దశలో గుడ్లకు నీళ్ళ కంటే గాలి ముఖ్యం.

అప్పుడే గుడ్లకు సొట్టలు పడ్డాయి. మొదటి వారాల్లో సొట్ట అంటే దాహం. ఆఖరి వారం, రెండు వారాల్లో పడే సొట్ట సహజం: లోపల పిల్ల బయటికి రావడానికి సిద్ధమవుతోంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తేదీలోనే ఉంది. అందుకే గుడ్లు పెట్టిన తేదీ డబ్బా మీద పెద్దగా రాసి ఉంచాలి. అది చూడకుండా ఈ దశలో కంగారుపడి నీళ్ళు కుమ్మరిస్తే, ఇన్నాళ్ళూ కాపాడినవి చివర్లో చేజారతాయి.

మొదటి గుడ్డు చీలిన పొద్దున పెంకులో సన్నటి గీతలు, వాటి మధ్యలోంచి ఒక ముక్కు కనిపించాయి. పిల్ల పై పెదవి దగ్గర ఉండే చిన్న గుడ్డుపన్నుతో పెంకును కోస్తుంది. కోశాక వెంటనే రాదు. తల బయట పెట్టి ఊపిరి తీసుకుంటూ, మిగిలిన పచ్చసొనను పొట్టలోకి లాగుకుంటూ ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు అలాగే ఉంటుంది. ఆ సమయంలో చేయి పెట్టి లాగడం చాలా ప్రమాదం, బొడ్డు నరాలు తెగుతాయి. నేను మూతను వదులుగా పెట్టి వదిలేశాను. ఒకదాని వెంట ఒకటి చీలుతూ మంచి గుడ్లన్నీ తెరుచుకున్నాయి. పిల్లలు నిండుగా ఉన్నాయి, పొట్ట కింద పచ్చసొన వేలాడుతున్నది ఒక్కటీ లేదు. తడిగా ఉన్న పేపర్ టవల్ పరిచిన చిన్న డబ్బాల్లోకి ఒక్కోదాన్ని మార్చాను. వారం పది రోజుల్లో మొదటి కుబుసం విడిచేదాకా వాటికి ఆ చెమ్మ కావాలి, తిండి ఆ తర్వాతే. వాటిని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం మానకూడదు, పాముల ద్వారా సాల్మొనెల్లా రావచ్చు.

డబ్బా ఖాళీ అయ్యాక వర్మిక్యులైట్‌ను పారేయకుండా మూడు చోట్ల నుంచి విడివిడిగా తీసి తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి మళ్ళీ తూచాను: అడుగు పొర, పై పొర, గుడ్ల ముద్ద ఆనిన చోటు. అడుగున నేను మొదట కలిపిన పాళ్ళకు దగ్గరగానే నీళ్ళున్నాయి. పై పొర కొంత పొడిగా ఉంది. గుడ్లు ఆనిన చోటు అన్నిటికంటే పొడి. అంచుల వెంట పోసిన నీళ్ళు మధ్యదాకా పూర్తిగా పాకలేదన్నమాట. తర్వాతి విడతకు సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని గుడ్ల ముద్ద కిందుగా, అడుగు దాకా దించి ముందే పాతిపెట్టి, నీళ్ళు దాంట్లోంచే అందిస్తాను. గుడ్లు ఇంకో అర సెంటీమీటరు లోతుగా కూరుకునేలా గుంట చేస్తాను. పాళ్ళు మాత్రం అవే ఉంచుతాను, 300కు 270.